తెరకు ముందరి హాస్యగాడు: నంద్యాల, ఆళ్ళగడ్డ నుడికారముపై ఒక పరిశీలన

లఘుహాస్యచిత్రములను ఒక రాత్రి వరుసగా ప్రదర్శించుట, ఒక్కొక్క చిత్రమునకు ముందు హాస్యగాడొకడు ప్రేక్షకుల యెదుట ఒంటిగా నిలిచి, నాలుగు మాటలతో నవ్వించి దానిని ప్రవేశపెట్టుట నేడు పెద్ద నగరములలో ఒక కొత్త వేడుకగా కనబడుచున్నది. ఆ యొంటి హాస్యమునకు ‘స్టాండప్’ అను పరభాషాపదమే తెలుగున స్థిరపడినది. ఇట్టి ప్రదర్శనల గుణదోషములు విచారించువారు చిత్రములను మాత్రమే పరీక్షించి, ప్రవేశపెట్టువానిని ఒక యలంకారముగా నెంచి విడిచిపెట్టుట సులభము. మా యభిప్రాయ మిందుకు భిన్నము. తెరమీది బొమ్మకును మనకును నడుమ నిలిచినవా డెవడు, వాడు ఎవరి పక్షమున మాటలాడుచున్నాడు అను ప్రశ్న తేలనిదే, ఆ నవ్వు ఎవరిదో తేలదు. ఈ ప్రశ్నను నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతపు నుడికారము నాధారముగా గొని విచారింపదలచితిమి. ఏలయన, గడచిన ముప్పది యేండ్లలో తెలుగుతెరపై మొదట భయమునకు, తరువాత పరిహాసమునకు మిక్కిలిగా వాడబడిన పలుకుబడులలో అది యొకటి.

రాయలసీమకు ఈ పద్ధతి బొత్తిగా కొత్త కాదు. తెర, దీపము, రాత్రి, నడుమ నడుమ నవ్వించువాడు, ఇవి యన్నియు తోలుబొమ్మలాటలో నున్నవే. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రమున తోలుబొమ్మలను పేర్కొనియుండుటచే ఈ కళ కాకతీయుల కాలమునకే తెలుగువారి యెరుకలో నున్నదని స్పష్టము. నేటికిని ధర్మవరము చెంతనున్న నిమ్మలకుంటలో ఆ బొమ్మలు చేయు కుటుంబములు కలవు. ఆ యూరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ పురస్కారము లభించినది. ఆటలో ప్రధానకథ రామాయణమో భారతమో యగును. కాని కథ ముదిరిన తరుణమున, ఆ కథతో నే సంబంధమును లేని కేతిగాడు తెరపైకి దూకును. వెంట బంగారక్క వచ్చును. జుట్టుపోలిగాడును అల్లటప్పగాడును తోడగుదురు. వారు తిట్టుకొందురు, కొట్టుకొందురు, ఊరి సంగతు లెత్తుకొని యాడిపోసికొందురు. పిమ్మట ఏమియు జరుగనట్లు తప్పుకొందురు. రావణుడు మరల పద్యము నందుకొనును.

కథలో కేతిగానికి పాత్ర లేదు. సభతో మాత్రము వానికి పని కలదు. పొరుగున కన్నడదేశమున ఇట్టి హాస్యబొమ్మకు కిళ్ళేక్యాత యని పేరు. ఆ పేరే ఆడించు కులమువారి పేరుగ మారినదన్న, హాస్యగాడు ఆ కళకు ఎంత యాయువుపట్టో వేరుగ చెప్ప నక్కరలేదు. వాని మాటలలో బూతు మిక్కుటమే. దానిని సమర్థించుట మా యుద్దేశము కాదు. ఐనను ఆ బూతును చూచి యేవగించుకొని లేచిపోయినవారు దానిక్రింద నున్న భాషావిభాగమును గమనింపరైరి. రాముడు, రావణుడు, సీత పద్యముల భాషయందును గ్రంథవచనమునందును మాటలాడుదురు. కేతిగాడు మాత్రము ప్రేక్షకుడు ఉదయము తన పొలములో మాటలాడిన మాటయే మాటలాడును. తెరమీది లోకములో ప్రేక్షకుని భాష పలుకువాడు వాడొక్కడే. కావున వాడు నవ్వించినపుడు సభ తన్ను జూచి పరుడు నవ్వినట్లు చిన్నబోదు; తనవాడు రాజును జూచి నవ్వినట్లు సంతసించును.

సంస్కృతనాటకములందలి విదూషకునితో దీనిని పోల్చి చూడవచ్చును. అతడు బ్రాహ్మణుడయ్యు ప్రాకృతమే పలుకును. నాయకుడు సంస్కృతము పలుకును. భరతుడు హాస్యమును ఆత్మస్థమనియు పరస్థమనియు రెండుగా విభజించెను. తాను నవ్వుట ఆత్మస్థము, పరులను నవ్వించుట పరస్థము. లక్షణమున ఈ విభాగము పాత్రను గూర్చినది. దీనిని సభకు అన్వయించిన మన విచారమున కొక దారి దొరకును. ఒక నుడికారము గలవారే కూర్చుండి ఆ నుడికారమును విని నవ్వుట ఒకటి. ఆ నుడికారము నెరుగనివారు కూర్చుండి దానిని విని నవ్వుట మరియొకటి. మాట యొక్కటియే; హాస్యము ఒక్కటి కాదు.

ఇక తోలుబొమ్మనుండి చలనచిత్రమునకు వచ్చిన దారి సీమ మీదుగనే వచ్చినదని పలువు రెరుగరు. కడప మండలమందలి సురభి గ్రామమున 1885లో కీచకవధ నాడి నాటకరంగమున కాలిడిన వనారస కుటుంబములవారు అంతకుముందు తోలుబొమ్మ లాడించినవారే. ఆ సురభివారి బిడ్డయే కమలాబాయి. 1932లో హెచ్. ఎం. రెడ్డి తీసిన భక్తప్రహ్లాదలో, అనగా తొలి తెలుగు టాకీలో, ఆమె లీలావతి. ప్రహ్లాదుని కథకు స్థానమని భక్తులు నమ్మునట్టి అహోబిలము ఆళ్ళగడ్డ సమీపమున నుండుట కేవలము యాదృచ్ఛికమే. దానినుండి మే మే సిద్ధాంతమును చేయబోము. కాని నీడబొమ్మ లాడించిన వంశమువారే వెలుగుబొమ్మల తొలి యేటనే తెరపై నిలిచిరన్నది మాత్రము గమనింపదగినది. ఆ మార్పులో ఒకడు రాలిపోయినాడు. వాడు కేతిగాడు. టాకీలలో హాస్యపాత్ర లుండెను. లంకా సత్యం నటించిన బారిస్టర్ పార్వతీశం (1940) వంటి హాస్యచిత్రములే వచ్చెను. కాని హాస్యగాడు కథలోని యొక పాత్ర యయ్యెను. సభవైపు తిరిగి, ఆ యూరి పేరెత్తి పలుకరించుటకు వానికి వీలు లేదు. నంద్యాలలో చెప్పినదే బెజవాడలోను చెప్పవలెను.

జపానుదేశమున మూకచిత్రముల కాలములో తెరప్రక్కను నిలిచి కథ చెప్పు బెన్షి యను వారుండిరి. చిత్రముకొరకు గాక బెన్షికొరకు వచ్చు ప్రేక్షకులు సయితము కలరు. మాటలచిత్రములు రాగా 1930 తరువాతి యేండ్లలో ఆ వృత్తి క్షీణించినది. మన బుర్రకథలో హాస్యపు వంతగాడు నేటికిని కథకుని కడ్డుపడి ప్రశ్నించు పనిని నిలుపుకొన్నాడు. తెర మాత్రము ఆ పనిని పోగొట్టుకొన్నది.

నంద్యాలనుండి ఆళ్ళగడ్డకు పోవు త్రోవలో సిరివెళ్ళ గ్రామమున్నది. నటుడు జయప్రకాశ్‌రెడ్డి జన్మస్థానమది. ఉపాధ్యాయుడుగ పనిచేసిన యీయన 1988 నాటి బ్రహ్మపుత్రుడుతో తెర కెక్కినను, 1997లో ప్రేమించుకుందాం రా, 1999లో సమరసింహారెడ్డి వచ్చినపిమ్మటనే తెలుగుదేశమంతట పేరొందెను. ఆ పేరు కొంత నటనవలన, చాలవరకు నుడికారమువలన వచ్చినది. ‘లేదు’ ‘ల్యాదు’ అగుట, ‘ఎక్కడ’కు బదులు ‘యాడ’ యనుట, ‘పోతాండావు’ వంటి క్రియలు, చివర ‘అప్పా’ యను పిలుపు: ఇవి సీమవారి యింట రోజును వినబడునవే. తెరపై ఇవి ప్రతినాయకుని నోట వినబడినంతనే కత్తికి పర్యాయములైనవి. ప్రేమించుకుందాం రా చిత్రమున నాయకుడు హైదరాబాదునుండి కర్నూలునకు వచ్చిన యువకుడు. అతని మాట పుస్తకమునకు దగ్గర మాట. కర్నూలు పిల్లయైన నాయిక మాటయు నట్టిదే. ఒకే పట్టణమున ప్రేమకొక భాష, పగకొక భాష యేర్పడినది. ఈ విభజనము నటుడు చేసినది కాదు, తెర చేసినది.

పిమ్మట జరిగినది మరింత విచిత్రము. ఎవడి గోల వాడిది (2005) వంటి చిత్రములలో అదే నటుడు, అదే నుడికారముతో హాస్యపాత్రలు ధరించెను. ఒక దశాబ్దమైన నిండకముందే భయానకము హాస్యమైనది. ఇది నుడికారమునకు కలిగిన విముక్తియని కొందరందురు. మే మంత దూరము పోజాలము. నవ్వు పుట్టుచున్నది పగను వెక్కిరించుటవలననా, పలుకును వెక్కిరించుటవలననా అని విడదీసి చూచిన, పెక్కు సన్నివేశములలో రెండవదే మిగులును. మాటలోని చమత్కారమును తీసివేసి అదే వాక్యమును అదే యాసతో చదివినను సభ నవ్వుచున్నదన్న, అది యాసను జూచి నవ్విన నవ్వే. భరతుడు చెప్పిన యారు విధముల నవ్వులలో ఉపహసిత మొకటి కలదు. ఇచట ఆ పదమును దాని లోకార్థమున గ్రహించినను చెల్లును. ఐనను నటునియందు మాకు గౌరవమే కలదు. సీమమాటను అరువు తెచ్చుకొని వంకరగా పలికిన నటు లనేకులు. ఈయన నోట అది పుట్టినచోటి మాటవలెనే యుండెను. నంద్యాలలో కూర్చుండి చూచినవాడు ఆ సన్నివేశమున కోపగించుకొనుచునే స్వరమును గుర్తించి మురిసియుండును. ఆ రెండును ఒకేసారి కలుగుట మా దృష్టిలో ఈ విషయమంతటిలోను క్లిష్టమైన యంశము.

ఆయన అభిమానించి రంగస్థలమున నాడినది అలెగ్జాండర్. ఆద్యంతము ఒక్క నటుడే కనబడు నాటకమది. సైన్యమునుండి విశ్రాంతి గొన్న యొకడు ఫోనులో పరుల కష్టములు వినుచుండును. తరువాత ధవళ సత్యం దానిని చలనచిత్రముగ తీసెను. కనబడనివారికిని కూర్చున్నవారికిని నడుమ ఒంటిగా నిలిచి మాటలాడుట కేతిగాని స్థానమే. 2020 సెప్టెంబరు 8న ఆయన మరణించెను. తెరపై నూరు పాత్రలలో దొరకని ఆ స్థానము ఆయనకు రంగస్థలమున దొరకినది.

కరీంనగరు ప్రాంతపు మాటకు ఇట్టి దుర్దశయే యుండి, కొంత తొలగినది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో 2012లో మొదలైన మై విలేజ్ షో వారి లఘుచిత్రములలో ఊరివారే నటులు, ఊరిమాటయే మాట. గంగవ్వ నోట ఆ మాట విని నగరమువారు సయితము నవ్విరి. అచట నవ్వించుట గంగవ్వ వశమున నున్నది.

2022 ఏప్రిల్ 4న నంద్యాల ప్రత్యేకజిల్లా యైనది. అచటనో ఆళ్ళగడ్డలోనో ఇట్టి లఘుచిత్రముల రాత్రి నడచినచో, చిత్రములు ఎచటివైనను కావచ్చునుగాని, ప్రవేశపెట్టువాడు ఆ సీమవాడే కావలెననుట మా వాదము. వాడు తెరమీది ‘సీమ’ను జూపి, అది తనకును సభకును ఎంత దూరమో చెప్పగలడు; పరుడు చెప్పజాలడు. దీనికొక యాక్షేపణ కలదు. తనవాడే తన యాసను చౌకగ నమ్ముకొనవచ్చును గదా? వచ్చును. పరుల సభలలో చప్పట్లు తెచ్చిన యాసనే ఇంటికి తెచ్చి, దానిని మరింత సాగదీసి పలుకువాడు పుట్టకపోడు. ఐతే నంద్యాల సభలో అట్టివాని యెదుట నిలువునది అదే మాటను పుట్టుకతో నెరిగిన చెవి. ‘పోతాండావు’ను అవసరమునకు మించి యీడ్చిన యెడ ఆ చెవి వెంటనే పట్టుకొనును, హైదరాబాదు సభకు ఆ తప్పు వినబడనే వినబడదు. సిరివెళ్ళ మాటకును చాగలమఱ్ఱి మాటకును గల భేదమును మనము ఇంతవరకు సరిగ నమోదు చేయనే లేదు. సంక్రాంతి పిమ్మట అహోబిలస్వామి పరువేటకు సుమారు నలువది దినములు తిరుగు గ్రామములలో ఆ పని ఆరంభింపవచ్చును.