కాకి, తాటిపండు, కథకుడు

కిందటి నెల ఒక యువరచయిత తన కథ నాకు చదివి వినిపించాడు. పదోరోజు పిండం పెడతారు. కాకి రాదు. పెద్దకొడుకు "చెల్లి పెళ్ళి నేను చేస్తాను నాన్నా" అంటాడు. వెంటనే కాకి వాలుతుంది. కథ అయిపోతుంది. ఇదేమిటయ్యా అంటే, "మా ఇంట్లో నిజంగా జరిగింది మాస్టారూ" అన్నాడు.

జరిగే ఉంటుంది. కాకి వాలడం, తాటిపండు రాలడం ఒక్కసారే జరిగితే దాన్ని కాకతాళీయమని మన పూర్వులు ఏనాడో అన్నారు. పండు రాలకుండా కాకి వాలిన వెయ్యిసార్లను ఎవరూ చెప్పుకోరు. అసలు ఈ లెక్క మనసుకు ఒక పట్టాన అందదు. 23 మంది ఉన్న గదిలో ఏ ఇద్దరి పుట్టినరోజైనా ఒకటే అయ్యే అవకాశం సగానికి పైచిలుకే. ఆ 23 మందిలో 253 జతలున్నాయని బోర్డు మీద వేసి చూపిస్తేగాని పిల్లలు నమ్మరు. (మా బడి రిజిస్టరు దీనికి పనికిరాదు. అందులో చాలామంది జూన్ 1నే పుట్టారు. అది చేర్చుకున్న అయ్యవారి కలం మహిమ.)

అయితే లెక్క చెప్పి చేతులు దులుపుకుంటే అది విమర్శ కాదు. కాకి ఆలస్యానికి ఆ ఇంట్లోవాళ్ళకి చెల్లి పెళ్ళే ఎందుకు కారణంగా తోచింది? కట్నానికి డబ్బు లేదు గనక. ఆ మాట అన్నదమ్ముల్లో ఎవరూ అంతవరకూ ఎత్తలేదు గనక. మా నాన్న పోయినప్పుడు చెరువుగట్టున నేనూ నిలబడ్డాను. ఎమ్మే చదివి, కాకతాళీయం గురించి పాఠాలు చెప్పినవాణ్ణి. కాకి రాకపోయేసరికి నాకు తట్టింది తాకట్టులో ఉన్న రెండెకరాలు. అమ్మకి తట్టింది, నేను ఆయనతో మాట్లాడని మూడేళ్ళు. కాకి ఒకటే. అది మా ఇద్దరికీ ఏమీ చెప్పలేదు.

మనవాడి కథలో లోపం మూఢనమ్మకం ఒక్కటే కాదు. రచయిత చెయ్యవలసిన పని కాకి చేసిపెట్టింది. అన్నగారు అంతకాలం ఎందుకు వెనకాడాడో తెలియదు. చెల్లెలు ఒక్కమాటా మాట్లాడదు. కాళీపట్నం రామారావు 'యజ్ఞం'లో సీతారాముడు కన్నబిడ్డను చంపుకునేదాకా తీసుకువెళ్ళింది యాదృచ్ఛికం కాదు. అప్పు, దానిమీద పెద్దమనుషుల తీర్పు.

కాకిని తీసెయ్యమని ఆ కుర్రవాడికి నేను చెప్పలేదు. అది వాలడానికి ముందు అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా నిలబడ్డ అరగంట రాసుకురమ్మన్నాను. ఇంకా రాలేదు.