దావూద్ అంటే ఏ సినిమా?

డెన్మార్క్‌కు చెందిన ఐఓ ఇంటరాక్టివ్ తయారుచేయగా 2018లో వచ్చిన ‘హిట్‌మ్యాన్ 2’ వీడియో గేమ్‌లో ముంబయి ఒక ఘట్టం. ఆడేవాడు కిరాయి హంతకుడు. అక్కడ ముగ్గుర్ని చంపాలి. ఆ ముగ్గురిలో ఒకడు బాలీవుడ్ నిర్మాత, నేరముఠా మనిషి. పేరు దావూద్ రంగన్.

ఇందులో సినిమాల గుప్త ప్రస్తావన ఉందా? తయారుచేసినవాళ్ల మనసులోకి మేం తొంగిచూడలేం. కాని ఈ పేరు వినగానే నవ్వుకునేవాడు ముంబయి మాఫియా సినిమాలు చూసినవాడే. ఆ సినిమాలకు బాట వేసింది మన తెలుగువాడు రామ్‌గోపాల్ వర్మ. 1993 పేలుళ్ల కేసు నిందితుడు దావూద్ ఇబ్రహీం ఛాయలతో ఆయన తీసిన ‘కంపెనీ’ (2002)లో ఆ పాత్ర పేరు మాలిక్. సినిమా పేరు మార్చి కథ ఉంచుకుంది. గేమ్ కథ మార్చి పేరు ఉంచుకుంది. మాకు రెండోదే ఎక్కువ గుచ్చుకుంటుంది.

ఎందుకంటే దావూద్ మాకు నబీ పేరు. ఆయన చేతిలో ఇనుము మెత్తబడిందని ఖురాన్ చెబుతుంది. మధురమైన గొంతును ఉర్దూలో ‘లహ్న్-ఎ-దావూదీ’ అంటారు. పోచంపాడ్ నుంచి బోధన్ దాకా కొలిమి దగ్గరా, చెరకు బండి మీదా, టైలర్ మిషన్ ముందూ దావూద్ భాయిలు ఎందరో. రెండు భాషల్లో రాసే మాకు తేడా కలం దగ్గరే తెలుస్తుంది: ఉర్దూలో ఆ పేరు పక్కన ‘అలైహిస్సలామ్’ వస్తుంది, తెలుగు వార్తలో ‘మాఫియా’.

ఇక ఆ ‘రంగన్’ ఏమిటో! కలగలుపు పేర్లు మాకు కొత్త కాదు. దర్గాకు మొక్కుకుని హిందువులు సైదులు, మస్తానయ్య అని పెట్టుకున్నారు. దావూద్ రంగన్ వెనక ఏ మొక్కూ లేదు, ఎవరి నానీ దువా లేదు.

గేమ్‌కు పనితనం లేదనం. మురికివాడ, రైళ్లు, జనం రద్దీ శ్రద్ధగా కట్టారు. నాయకుడూ హంతకుడే కాబట్టి చెడు అంతా ఒకే మతం నెత్తిన వేశారనీ అనం. అయితే అక్కడే దూరం నుంచి గురిపెట్టే మరో కిరాయి హంతకుడున్నాడు. వాడి పిలుపు ‘కశ్మీరియన్’. 1992 నాటి ‘రోజా’ తెలుగులోకి డబ్బింగై వచ్చినప్పటి నుంచి కశ్మీర్, తుపాకీ మన తెరమీద జంటగానే తిరుగుతున్నాయి. ఇది ప్రస్తావనో అలవాటో ఎవరైనా విడదీసి చూపించాలి. మన సినీ విమర్శకులు ఆ పని ఇంకా మొదలుపెట్టలేదు.

గేమ్ నాయకుడికి పేరు లేదు, 47 అనే అంకె ఉంది. బోధన్‌లో దీన్ని ఆడే కుర్రాడు ఆ అంకె తొడుక్కుని, తన దాదా పేరున్న మనిషిని వెతుక్కుంటూ వెళ్తాడు.