ఎర్రచందనం కాయకు పేడనీళ్లు

ఎర్రచందనం పేరు పేపర్లో కనిపించిందంటే దుంగలు, లారీలు, స్మగ్లర్ల సంగతే. 1995లో సైట్స్ ఒప్పందం రెండో అనుబంధంలో చేరి అంతర్జాతీయ వ్యాపారం అదుపులోకి వచ్చినా, మన మాటల్లో ఈ చెట్టు ఇంకా కలపే. దాని కాయను చేతిలోకి తీసుకుని చూసినవాళ్లు తక్కువ. ప్రపంచంలో ఈ చెట్టు తనంతట తాను పెరిగేది తూర్పు కనుమల దక్షిణ కొసనే. పాలకొండలు, లంకమల, శేషాచలం, వెలిగొండలు దాని ఇల్లు. అలాంటి చెట్టును మొలిపించే పనితనానికి ఇంకాస్త గౌరవం దక్కాలని నా కోరిక.

కాయ పలుచగా, గుండ్రంగా బిళ్లలా ఉంటుంది. చుట్టూ కాగితం లాంటి రెక్క, నడుమ గట్టి బుడిపె. ఆ బుడిపెలో ఒక గింజ, ఎప్పుడైనా రెండు. గాలికి ఎగిరి దూరంగా పడటానికే ఆ రెక్క. బుడిపెను పగలగొట్టి గింజ తీయబోతే గింజే నలిగిపోతుంది. అందుకే నర్సరీలో కాయను ఒలవరు. కత్తెరతో రెక్కలు కత్తిరించి, కాయల్ని పేడ కలిపిన నీళ్లలో 72 గంటలు నానబెడతారు. పేడనీళ్ల తడికి, అందులోని సూక్ష్మజీవుల పనికి పెంకు మెత్తబడి, నీరు గింజదాకా చేరుతుంది. ఆ తర్వాత ఎత్తుగా కట్టిన మళ్లలో కాయలు పరిచి, పైన పలుచగా మట్టి చల్లి, వరిగడ్డి కప్పి, రోజ్ క్యాన్‌తో తడుపుతారు. పాత కాయలు వాడకూడదు. ఏడాది దాటితే మొలిచే సత్తువ బాగా తగ్గిపోతుంది.

ఇంత గట్టి పెంకు ఎందుకంటే, కడప కొండల్లో నడివేసవిలో ఒక్కోసారి వాన పడుతుంది. ఆ తడికే గింజ మొలిస్తే మర్నాటి నుంచి కాసే ఎండకు మాడిపోతుంది. ఒక్క వానను నమ్మకుండా పెంకే గింజను ఆపుతుంది. ఈ ఆగే గుణం విలువేమిటో చెనక్కాయ పండించే సీమ రైతుకు వేరే చెప్పక్కర్లేదు. టీఎంవీ-2 లాంటి గుత్తిరకాల గింజకు నిద్రావస్థ లేనట్టే. పీకే రోజుల్లో ముసురు పట్టిందంటే కాయ నేలలోనే మొలకెత్తుతుంది.

ఏ గింజను లేపాలన్నా దాని అడవిలో దానికేం జరుగుతుందో చూడాలి. నల్లమల టేకు కాయలు ఎండకు ఎండి, వానకు తడిసి మెత్తబడతాయి. నర్సరీలోనూ అంతే, రాత్రి నానబెట్టి పగలు ఆరబెట్టడం కొన్నాళ్లపాటు సాగుతుంది. నల్లతుమ్మకైతే మేకలే సాయం. కాయలు మేసిన మేక నెమరేసేటప్పుడు ఉమ్మేసిన గింజలూ, పెంటికల్లో పడిన గింజలూ దొడ్డిలో దొరుకుతాయి. వాటి పెంకు మేక నోట్లో, కడుపులో అరిగి ఉంటుంది కనుక చెట్టు నుంచి కోసిన గింజలకన్నా ఇవి బాగా మొలుస్తాయి. దొడ్డి ఊడ్చి గింజలేరుకునే అలవాటును నాటు పద్ధతి అని తీసిపారేస్తే నాకు బాధేస్తుంది. గంధకామ్లం పోసి ప్రయోగశాలలో చేసే పని కూడా ఆ పెంకును అరగదీయడమే కదా.

చలిదేశాల గింజల లెక్క వేరు. అమెరికా, కెనడా బురదనేలల్లో పురుగుల్ని పట్టి తినే సర్రసీనియా అనే కలశపు మొక్క ఉంది. దాని గింజ చలికాలం గడిస్తేగాని కదలదు. తడి చలిలో గింజలోని మొలకను ఆపే అబ్సిసిక్ ఆమ్లం ప్రభావం తగ్గి, మొలకెత్తించే జిబ్బరెల్లిన్‌ది పెరుగుతుంది. కర్నూలులో ఎవరైనా దాన్ని పెంచాలనుకుంటే, తడిపిన నాచులో గింజలు పెట్టి నాలుగు వారాలు ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర ఉంచాలి. ఫ్రీజర్‌లో కాదు. అదే తరహాలో పురుగుల్ని పట్టే మేఘాలయ నెపెంథిస్‌కు ఈ చలి అక్కర్లేదు, తాజా గింజను వెంటనే చల్లాలి.

మళ్లీ ఎర్రచందనం మడి దగ్గరికొస్తే, పేడనీళ్లలో నానిన కాయలన్నీ ఒకేసారి లేవవు. కొన్ని రెండు వారాలకు మొలిస్తే, మరికొన్ని నెల దాటాక తలెత్తుతాయి. ముందు లేచిన మొక్కల్ని పాలిథీన్ సంచుల్లోకి మార్చగానే మడి తిరగేయకూడదు. ఆలస్యంగా మొలిచేవి చచ్చువి కావు. వానలు నిలకడగా పడే దాకా ఆగే గుణం వాటిదే, కరువు కొండకు తిరిగి వెళ్లాల్సిన మొక్కల్లో అవీ ఉండాలి. మడిని ఇంకొన్నాళ్లు తడుపుతూ ఉండాలి.