ఆటను చదువుట

దుబాయి నగరమును ఇసుకతుఫానులలో పూడ్చివేసి, ఆ శిథిలముల నడుమ తన కథను నడపిన వీడియోగేమ్ ఒకటి 2012వ సంవత్సరమున వెలువడినది. బెర్లిన్ నగరమందలి యాగర్ సంస్థ నిర్మింపగా టూకే గేమ్స్ వారు ప్రకటించిన ఆ గేము పేరు ‘స్పెక్ ఆప్స్: ది లైన్’. ఏ నగరము దానికి రంగస్థలమైనదో ఆ నగరముతో పాటు ఎమిరేట్స్ దేశమంతటను దాని విక్రయము నిషిద్ధమైనది. తన మేడలు కూలిపోవుట చూచి ముచ్చటపడు ప్రభుత్వము లోకమున నెచటను ఉండదు గనుక ఇందు వింతపడవలసినది లేదు. వింత యేమనగా, మామూలు తుపాకుల ఆటగా బజారున అడుగిడి, నూటికి డెబ్బదికి పైబడిన సాధారణపు మార్కులతో సరిపెట్టుకొన్న ఆ గేమును గూర్చి, అది వెలువడిన ఏడాదిలోపలనే బ్రెండన్ కియో అను ఆస్ట్రేలియా విమర్శకుడు ఒక గ్రంథమునే వ్రాసెను. 1914లో కట్టమంచి రామలింగారెడ్డిగారు కళాపూర్ణోదయమును ముందిడుకొని కవిత్వతత్త్వమును విచారించినట్లు, ఈతడును ఒక్క గేమును పట్టుకొని, మొదటి ఘట్టమునుండి కడపటిదాక అడుగడుగున ఆగి, ఇచట నాచేత ఏమి చేయించినారు, ఎందులకు చేయించినారు అని ప్రశ్నించుకొనుచు సాగెను.

ఈ వ్యాసము వ్రాయుచున్నది అల్ కుసైస్ నుండి. విమానాశ్రయమున కావల, షార్జా సరిహద్దు నానుకొని, బడులును కార్ఖానాలును అద్దె అపార్టుమెంట్లును ఇఱుకుకొనియున్న ఈ పేటలో తెలుగు కుటుంబములకు కొదువలేదు. 2011లో మెట్రో పచ్చలైను వచ్చినది మొదలు నగరమధ్యమునకు పోవుట సులభమైనది గాని, వేసవి సాయంకాలములందు పిల్లలు క్రిందికి దిగి ఆడుకొనుట ఆ వేడిలో కానిపని. ఆటయనిన ఇంటిలోని స్క్రీనే. “ఎప్పుడు చూసినా ఆ గేములేనండీ, అన్నయ్యగారూ! మావాడికి మీరైనా కాస్త చెప్పండి” అని తల్లులు నాతో అనుట కలదు. ఏ గేమమ్మా అని నేనడుగుదును. దానికి బదులు చెప్పగల పెద్దలు అరుదు. కుఱ్ఱవాడు చదువుచున్నది ఏ పుస్తకమో తెలియకుండ పుస్తకములన్నియు చెడ్డవనువారి మాట మనము చెవినిబెట్టము గదా.

తెలిసినవారును తొందరపడిన సందర్భములు లేకపోలేదు. అమెరికా సినీవిమర్శకులలో అగ్రగణ్యుడైన రోజర్ ఈబర్ట్, వీడియోగేములు ఎన్నటికిని కళ కాజాలవని 2010లో వ్రాసి, కొన్ని నెలలకే, ఆడి చూడనివానికి ఆ ప్రసంగ మెందులకని తన్ను తానే మందలించుకొని వెనుకకు తగ్గెను. న్యూయార్కులోని ఆధునిక కళాప్రదర్శనశాల 2012లో 14 గేములను తన సేకరణమున చేర్చుకొనినది. ప్రదర్శనశాల తలుపు తీసినంతమాత్రమున ఒక వస్తువు కళయగునని నేననను. కళయో కాదో తేల్చుటకు దానిని పరిశీలించు పద్ధతి యొకటి మొదట కావలెను.

గేములనుగూర్చిన పత్రికారచన పుట్టుట కొనుగోలుదారునకు సలహాగనే పుట్టినది. బ్రిటన్‌లో 1981లో ‘కంప్యూటర్ అండ్ వీడియో గేమ్స్’ అను మాసపత్రిక వెలువడినది. జపానులో 1986లో మొదలైన ‘ఫమిత్సు’ పత్రిక నలుగురు సమీక్షకులచే పదేసి మార్కులు వేయించి, మొత్తము 40కి ఇంత యని తేల్చు ఆచారము నెలకొల్పినది. ఒక కొత్త గేమునకు రెండు మూడు వందల దిర్హములు పోయవలసివచ్చు తండ్రికి ఇట్టి సలహా అక్కరకు రాదనను. అయితే మార్కు తీర్పుగా మారినపుడు వచ్చు అనర్థము చిన్నది కాదు. 2010లో వచ్చిన ‘ఫాలౌట్: న్యూ వేగస్’ అను గేము నిర్మాతలకు, సమీక్షల సగటు 85 వచ్చినచో అదనపు పారితోషికమను ఒప్పందముండగా, వచ్చినది 84. ఒక్క మార్కు! తెలుగు సినిమాకు రెండున్నరయో, రెండుముప్పావో యని నక్షత్రములను ముక్కలుచేసి పంచిపెట్టు నేటి సమీక్షలు చదువువారికి ఈ బాధ క్రొత్తది కాదు.

మార్కుల కావల నడచిన విమర్శ వేఱొక త్రోవ త్రొక్కినది. 2001లో నార్వే పండితుడు ఎస్పెన్ ఆర్సెత్ సంపాదకత్వమున ‘గేమ్ స్టడీస్’ అను పరిశోధనపత్రిక ఆరంభమైనది. 2004లో కీరన్ గిలెన్ అను ఆంగ్ల పత్రికారచయిత, గేములోని లోకమునకు యాత్రికునివలె పోయి, అచట తనకేమి జరిగినదో దానినే వ్రాయుమని తోటివారిని ప్రోత్సహించెను. 2007లో క్లింట్ హాకింగ్, తానును గేముల రూపకర్తయే, ‘బయోషాక్’ అను ప్రసిద్ధమైన గేమునందు కథ పరోపకారమునకు పొమ్మనుచుండగా ఆటనియమములు స్వార్థమునకు ప్రతిఫలమిచ్చుచున్నవని, ఈ రెండింటికి పొత్తు కుదరలేదని నిరూపించెను. కాశ్మీరపు క్షేమేంద్రుడు పదునొకండవ శతాబ్దమున ఔచిత్యమను గజముతో కావ్యమును కొలిచిన తీరు నెఱిగినవారికి హాకింగు మాట పరాయిదిగా తోపదు. కొలువబడు వస్తువు మాత్రమే మాఱినది. కావ్యమున శబ్దార్థములు, నాటకమున అభినయము, గేమున చేతిపని.

ఈ పద్ధతిని మన వైకుంఠపాళిమీద ప్రయోగించి చూడవచ్చును. పటముపై నిచ్చెనలు పుణ్యములు, పాములు పాపములు, కొట్టకొనను పరమపదము. బొమ్మలు చెప్పునది కర్మసిద్ధాంతము. ఆడువాని చేతిలో నున్నవి గవ్వలు మాత్రమే. అతడు పుణ్యము నెంచుకొనజాలడు, పాపమును మానజాలడు, ఎనిమిది పడిన ఎనిమిది గడులు నడువవలసినదే. పటము పురుషకారమును బోధింప, నియమము దైవమును నమ్మించుచున్నది. కాదు, ఆ గవ్వలే ప్రారబ్ధమని వాదించువారికి పటమును నియమమును ఏకవాక్యముగనే పలుకును. నాకు మొదటి పక్షము మీదనే మొగ్గు. రెండు పక్షములలో నేది గెలిచినను, వాదము బొమ్మల అందమును విడిచి గవ్వలు పడు తీరును పట్టుకొన్నది. అదియే ఈ విమర్శకు ఆయువుపట్టు.

దీనిని గల్ఫు ప్రవాసికి ఇంతకంటె దగ్గఱగా చూపగల గేము ‘పేపర్స్, ప్లీజ్’. 2013లో లూకస్ పోప్ అనునాతడు దాదాపు ఒంటరిగా నిర్మించిన ఈ గేమున ఆడువాడు ఆర్‌స్టోట్జ్‌కా అను కల్పితదేశపు సరిహద్దు గదిలో కూర్చుండిన తనిఖీ ఉద్యోగి. కిటికీ ముందఱ వరుస; ఒక్కొక్కరు వచ్చి పాస్‌పోర్టు చాచుదురు; గడువు, ఫోటో, ముద్ర, పుట్టినతేదీ సరిచూచి పచ్చముద్రయో ఎఱ్ఱముద్రయో వేయవలెను. కూలి తలకింత. సాయంకాలమున ఇంటిపద్దు వచ్చును: అద్దె, తిండి, చలికాపు, మందులు. ఒకనాడు భర్త వచ్చి, కాగితములు సరిగానుండి లోనికిపోవుచు, నా వెనుక వచ్చునది నా భార్య, కనికరింపుమని వేడుకొనును. ఆమెకు పత్రమొకటి తక్కువ. పంపినచో తప్పుగా నమోదగును, తప్పులు పెరిగిన కొలది కూలి తెగును, కూలి తెగిన రాత్రి ఇంటిలో ఎవరో పస్తుందురు. దయకు వెల కట్టుటలోనే ఈ గేము ప్రతిభ యున్నది. ఉపన్యాస మొక్కటియు లేదు. ఇరుకు బల్లపై కాగితములు ఒకదానినొకటి కప్పుచుండగా, గడియారము తరుముచుండగా, ఎంతటి మంచివాని కన్నైనను ఎదుటి మొగమునుండి జారి తేదీమీద పడును. వీసా వరుసలో కిటికీ కీవలనే నిలువనేర్చిన మనకు ఆవలివాని కుర్చీ యిచ్చి చూపిన రచన నేను చదివిన వలసకథలలో లేదు.

ఇక దుబాయి గేము. వాకర్ అను అమెరికన్ కెప్టెను ఇద్దరనుచరులతో ఇసుక కప్పిన నగరమున ప్రవేశించి, ప్రజలను తరలింపబోయి తన దళముతో చిక్కుపడిన కల్నల్ కాన్రాడును వెదకును. జోసెఫ్ కాన్రాడ్ రచించిన ‘హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్’ నవలకు ఋణపడినట్లు పేరే చాటుచున్నది. నడుమ నొకచోట శత్రుశిబిరముపై తెల్లభాస్వరము కురిపింపవలసివచ్చును. ఆడువానికి అది పైనుండి చూచు తెరమీది తెల్లని చుక్కల గుంపు. ఆ తెరయందే వాకరు మొగము మసకగా ప్రతిఫలించుచుండును. పని ముగిసిన పిమ్మట గేము తొందరపెట్టదు. కాలినవారి నడుమగా నెమ్మదిగా నడిపించి, ఆ చుక్కలలో కొన్ని, ఆశ్రయము కోరివచ్చిన పౌరులు, తల్లులు, బిడ్డలు అని చూపును. విమర్శకులు ఈ ఘట్టముతో పాటు అంచులను కూడ చదివిరి: రంగము మాఱునపుడు తెరపై వచ్చు సలహావాక్యములు మొదట తుపాకి పట్టుట నేర్పి, పోనుపోను ఆడువానినే నిలదీయుట, వాకరు ఆజ్ఞలు సైనికమర్యాద విడిచి అరుపులగుట, మొదటిపుటలోని దృశ్యము కథతోపాటు క్షీణించుట. ఒక్కసారి ఆడినవానికి ఇవి కంటబడవు. మరల ఆడి, వేఱు నిర్ణయములు తీసికొని, కావలెనని ఓడి చూచినవానికే దొరకును. ఈ విద్యలో పునఃపఠనమనగా ఇదియే.

ఆక్షేపమును లేకపోలేదు. భాస్వరము వేయక ముందుకుపోవు దారి గేమున లేనేలేదు. చేయించినవారే చేసితివేలయని అడుగుట న్యాయమా? ఆట ఆపివేయుటయే ధర్మమార్గమని సమర్థకులు చెప్పుదురు. నేనంగీకరింపను, తలుపులన్నియు మూసి, గోడదూకి పోలేదేమని గద్దించుట తర్కము కాదు. ఇదే గేమున పిమ్మట వచ్చు వేఱొక ఘట్టము ఇంతకంటె గొప్పది. అనుచరులలో నొకనిని జనసమూహము ఉరిదీసి చంపినది. వారు చుట్టుముట్టి రాళ్లు రువ్వుచున్నారు. చేతిలో తుపాకి యున్నది. ఏమి చేయవలెనో తెర చెప్పదు. గుంపుమీద కాల్చినవారును గలరు, ఆకాశమునకు కాల్చి బెదరించినవారును గలరు, రెండును చెల్లును. కాల్చిన తరువాత, వేఱుదారి యుండెనని తెలిసినవానికి కలుగు పశ్చాత్తాపము కావ్యనాటకములు కలిగించు కరుణ కాదు. కరుణయందు సహృదయుడు సాక్షి. ఇచట అతడు కర్త. భరతుడు చెప్పిన రసములలో దేనిక్రింద దీనిని చేర్పవలెనో నాకింకను సందేహమే.

కుసైస్‌వాసిగా నాకు మఱియొక ఆక్షేపమున్నది, దీనిని విదేశీ విమర్శకులు తగినంత పట్టించుకొనలేదనిపించును. ఈ దుబాయిలో పేరుపెట్టి పిలువబడు ముఖ్యపాత్రలన్నియు అమెరికనులవే. నగరవాసులు పేరులేని గుంపులు: చచ్చుటకు, కోపించుటకు, నీళ్లకు వెంపరలాడుటకు మాత్రమే యున్నవారు. పశ్చాత్తాపపడు హక్కు వాకరునిది, చనిపోవు పని వారిది. ఇచట బెడ్‌స్పేసులో ఆరుగురితో కలిసి పడుకొను కరీంనగరు మేస్త్రీ యొకడు ఆ గుంపులో నుండవలెను గదా, ఉండినచో వాని ఇంటికి కబురెవరు చెప్పిరి, వాని బాకీ ఏమైనది అను ఊహ ఆ రచయితలకు తట్టలేదు. యుద్ధమును నిందింపబూనిన రచన యుద్ధపు దృష్టితోనే నగరమును చూచినది. గేము గొప్పదనుటకును ఇది దాని లోపమనుటకును నాకు అడ్డములేదు.

2024 జనవరిలో, లైసెన్సుల గడువు తీరినదను కారణమున, ఆ గేము ఆన్‌లైన్ అంగళ్లనుండి తొలగింపబడినది. ఇపుడు ఎమిరేట్స్‌లోనే కాదు, ఎచటను క్రొత్తగా ఆ రూపమున కొనుట సాధ్యము కాదు. లోకమున పన్నెండేండ్లు కూడ నిండని కృతికి మూలము చిక్కుట కష్టమై వ్యాఖ్యానము సులభముగా దొరకు స్థితి వచ్చినది. పత్రికారచయితల పనిలో ఇదియు నొకటి: ఆట యెట్లుండెనో, ఏ మీట నొక్కిన ఏమి జరిగెనో వ్రాసిపెట్టుట. దుబాయి ప్రభుత్వము 2023లో ప్రకటించిన గేమింగు ప్రణాళిక 2033 నాటికి ఈ రంగమున 30,000 క్రొత్త ఉద్యోగములను లక్ష్యముగా పెట్టుకొన్నది. గేములు చేయువారు పెరిగినకొలది వానిని చదివి చెప్పువారి అవసరమును పెరుగును.

తెలుగున ఆ పని మొదలుపెట్టువారికి నేను ముందుగా చూపునది ‘వెంబా’. టొరంటోలో తయారై 2023లో వచ్చిన ఈ చిన్న గేమున, 1980లలో కెనడా చేరిన తమిళ దంపతులు, వారి కొడుకు, చిరిగి మాసిన అమ్మమ్మ వంటపుస్తకము కలవు. ఇడ్లీపళ్లెములను ఎట్లు పేర్చిన ఆవిరి అన్నింటికి తగులునో ఆ పుట చినిగిపోయినది. ఆడువాడు ఆలోచించి పేర్చవలెను. తల్లి చేతితో వండునపుడు ఆ పుటలు తేలికగా తెలియును. కొడుకు పెద్దవాడై అదే పుస్తకము పట్టినపుడు, భాష సగమే వచ్చినవాని తడబాటు ఆడువానికి సంక్రమించును. బడిలో అరబ్బీ తప్పనిసరి, రెండవ భాషగా హిందీ, ఇంటిలో తెలుగు మాటలు వచ్చి అక్షరములు రాని కుసైస్ పిల్లలు ఈ ఘట్టమును తల్లిదండ్రులకంటె త్వరగా గ్రహింతురు. ఇరువురును ప్రక్కప్రక్కన కూర్చుండి ఆడినచో, ఒకరు చదువుచుండగా వేఱొకరు మీట నొక్కవలసివచ్చును.