పురపాలనమున పౌరుల పాలు

శాసనమును గూడ గ్రంథమువలెనే చదివి గుణదోషములు విచారింపవచ్చును. కావ్యము బాగుండనిచో చదువరి దానిని ప్రక్కన బెట్టును. శాసనము బాగుండనిచో దాని ఫలమును ఊరంతయు ననుభవింపవలసివచ్చును. ఈ తలంపుతో 2019వ సంవత్సరపు తెలంగాణ పురపాలక శాసనములోని వార్డు సంఘముల ప్రకరణమును జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణముల స్థితినిబట్టి పరిశీలింప బూనితిమి.

మొదట గుణము చెప్పుదుము. 1993 జూన్ 1వ తేదిని అమలులోనికి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణము మూడు లక్షలును అంతకు మించియు జనసంఖ్యగల పట్టణములకే వార్డు సంఘములను విధించెను. మన మూడు పట్టణములును ఆ లెక్కకు చాలవు. 2019 శాసనమో, చిన్న పట్టణములందు సైతము ప్రతి వార్డునకును యువకులకు, స్త్రీలకు, వృద్ధులకు, ప్రముఖులకు వేరువేరుగ పదునేవురేసి సభ్యులతో నాలుగు సంఘములుండవలెనన్నది. వార్డునకు అరువదిమంది! ఇంత విశాలమైన యేర్పాటును మేము మనఃపూర్వకముగ మెచ్చుకొనుచున్నాము.

ఇక దోషము. ఈ అరువదిమందియు ప్రజలెన్నుకొనినవారు గారు, నియమింపబడినవారు. అట్టివారు నియమించినవారి మొగము జూచి మాటలాడుట లోకసహజము. వారి పని సలహా, సహకారములే; పద్దు మంజూరు చేయు అధికారము వారికి లేదు. 2020 జనవరిలో ఎన్నికైన పాలకవర్గముల గడువు 2025 జనవరిలో ముగియగా పాలనము ప్రత్యేకాధికారుల చేతికి బోయెను. కౌన్సిలరు లేనినాడే వార్డు సంఘము మిక్కిలి యవసరము. కాని నియామకముపై నిలిచిన సంఘమునకు ఆనాడు ఆధారమేది?

జగిత్యాల యనుభవము చూడుడు. అచటి బృహత్ప్రణాళిక ముసాయిదాలో తమ పొలములు వినోదస్థలముల మండలములోనికి బోవుచున్నవని 2023 జనవరిలో చుట్టుపట్ల గ్రామముల రైతులు వీథిలోనికి వచ్చిరి. కడకు పురపాలక సంఘమే ఆ ముసాయిదాను రద్దుచేయ తీర్మానించెను. అభ్యంతరములకు గడువు చాలదా యనువారు కలరు. పటము గీచిన పిమ్మట అభ్యంతరమడుగుట వేరు. గీయకముందే పొలముగట్టున నిలిచి అడుగుట వేరు.

ఇది మనకు క్రొత్త పాఠము గాదు. చీరాల, పేరాలలను పురపాలక సంఘముగ జేసి పన్నులు పెంచినప్పుడు, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ప్రజలు ఇండ్లు విడిచి, ఊరి వెలుపల రామనగరమున పాకలు వేసికొని నెలలతరబడి కాపురముండిరి. ప్రజలనడుగక పెట్టిన సంఘము వారికి పరాయిదే యగును.

అడుగు పద్ధతియు ముఖ్యమే. కోరుట్లలో బీడీలు చుట్టు స్త్రీకి చుట్టినకొలది కూలి. సిరిసిల్ల మరమగ్గము కార్మికునకు నేసినకొలది కూలి. పగటివేళ సభ పెట్టినచో హాజరగుటయే వారికి నష్టము. తీరికగల నలుగురు వచ్చి తలయూపినంతమాత్రమున ఊరు సమ్మతించినట్లు గాదు. 2021 సెప్టెంబరులో సిరిసిల్ల వీథులు వాననీట మునిగెను. ఏ కాలువ ఎచట పూడినదో, నీరు మొదట ఏ వాకిట జేరునో కచేరీలోని పటముకంటె ఆ వీథి ఇల్లాలికే బాగుగ దెలియును. ఆమె మాట వ్రాతలోనికి ఎక్కుటకు శాసనము త్రోవ చూపవలెను.

కావున మేము కోరునవి నాలుగే: వార్డు సంఘమును వార్డువారే ఎన్నుకొనవలెను, సభ సాయంకాలము జరుగవలెను, ఆదాయవ్యయముల పద్దు తెలుగున వీథిలో చదువబడవలెను, సలహాను త్రోసిపుచ్చినచో కారణము వ్రాసి చూపవలెను.

మన తప్పును గూడ ఒప్పుకొందము. మన యింటి చెత్తను కాలువలో వేసి, కాలువ పొంగినప్పుడు సంఘమును తిట్టుట పౌరధర్మము గాదు. ఓటు వేసి అయిదేండ్లు నిద్రించుటయు గాదు. ఇల్లు చక్కబెట్టుకొన నేర్చినవారు వాకిలి దాటి వీథిలోనికి వచ్చిననాడే శాసనములోని యక్షరములకు ప్రాణము వచ్చును.