మూడో జట్టుకూ ఒక లీగ్

స్కాట్లండ్‌కీ ఐస్లాండ్‌కీ నడుమ సముద్రంలో ఉన్న ఫారో దీవుల జనాభా సుమారు 54 వేలు. మన లెక్కలో ఒక చిన్న మునిసిపాలిటీ. అంత కొద్దిమందే 18 దీవుల్లో చెదిరి ఉండి, నాలుగు డివిజన్ల ఫుట్‌బాల్ లీగ్ నడుపుకుంటున్నారు. 1942లో మొదలైన ఈ పోటీకి 1944లో విరామం వచ్చింది. యుద్ధకాలంలో ఆడడానికి బంతులు దొరకలేదట!

ఇన్ని జట్లకు మనుషులెక్కడి నుంచి వస్తారు? పెద్ద క్లబ్బులు ఒక్క జట్టుతో ఆగవు. రెండోది, వీలైతే మూడోది కూడా కట్టి కింది డివిజన్లలో దించుతాయి. క్లాక్స్‌విక్ ఊరి క్లబ్బు కేఐ 2023లో యూరోపా కాన్ఫరెన్స్ లీగ్ గ్రూపు దశకు చేరింది. ఏ ఫారో క్లబ్బూ అంతకుముందు అంతదూరం పోలేదు. అదే క్లబ్బు రెండో జట్టు కింద పల్లె జట్లతో తలపడుతుంది. అందులో మీసాలు రాని కుర్రాళ్లుంటారు, గాయం నుంచి తేరుకుంటున్నవాళ్లుంటారు, వయసు మీరినా బూట్లు విప్పనివాళ్లుంటారు.

ఒక్కటే షరతు: రెండో జట్టు ఎన్ని పాయింట్లు తెచ్చినా అన్నిటికన్నా పై డివిజన్‌కు ఎక్కకూడదు. పట్టికలో మొదట నిలిచినా ఆ అవకాశం కింది జట్టుకు పోతుంది. బయటివాళ్లకు ఇది అన్యాయంగా తోస్తుంది. నాకు మాత్రం ఆ లీగ్ ప్రాణమే ఇందులో ఉందనిపిస్తుంది. ఆ పై మెట్టు ఎక్కలేనని తెలిసీ శనివారం వానలో ఆడడానికి వచ్చేవాడికి ఆటే కావాలి, ఇంకేమీ అక్కర్లేదు. నష్టపోయేది పల్లె క్లబ్బే. పై జట్టుకు ఆట లేని వారం ఎవరు దిగివచ్చి గోల్ కొట్టిపోతారో చెప్పలేం.

ఇక గాలి. అక్కడ అది పన్నెండో ఆటగాడు. గాలివాటున ఆడే సగంలో దూరం నుంచి గట్టిగా కొట్టాలి. ఎదురుగాలిలో బంతిని నేల మీదే ఉంచి చిన్న చిన్న పాసులతో నడపాలి. పైకి లేపితే అది ఎటు పోతుందో కొట్టినవాడికే తెలియదు. ఎడతెగని వానల వల్ల మైదానాలు దాదాపు అన్నీ కృత్రిమ పచ్చికవే. అంతకుముందు కంకర నేల మీద ఆడేవారు, పడితే మోకాలి చర్మం ఊడేది. అంతర్జాతీయ మ్యాచ్‌కు పనికొచ్చే పచ్చిక మైదానం స్వదేశంలో లేకే 1990 సెప్టెంబర్ 12న ఫారో జాతీయ జట్టువాళ్లు ఆస్ట్రియాతో తమ తొలి యూరో అర్హత మ్యాచ్‌ను స్వీడన్‌లోని లాండ్స్‌క్రోనాలో ఆడారు. 1–0తో గెలిచారు. గోల్ కొట్టిన టోర్కిల్ నీల్సన్ కలప అమ్మే ఉద్యోగి. ఊలు టోపీ పెట్టుకుని గోల్ కాసిన యెన్స్ మార్టిన్ క్నుడ్సన్ చేపల ఫ్యాక్టరీలో ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు. దేశం తరఫున ఆడినవాడికే పగలు వేరే పని ఉంటే, మూడో డివిజన్ వాడి సంగతి వేరే చెప్పాలా?

సాండోయ్ దీవిలో వెయ్యి పైచిలుకు జనమే. అయినా వాళ్ల క్లబ్బు బీ71 1989లో జాతీయ విజేత. తర్వాత కింది డివిజన్ల రుచీ చూసింది. దశాబ్దాల పాటు వాళ్లు బయటి మ్యాచ్‌లకు పడవెక్కే వెళ్లారు. 2023 డిసెంబర్‌లో సముద్రం అడుగున సొరంగం తెరిచాక కారులోనే పోతున్నారు. దక్షిణాన సుదురోయ్ దీవికి ఆ సౌకర్యం ఇంకా రాలేదు. 1892లో పుట్టిన, దేశంలోకెల్లా పాత క్లబ్బు టీబీ అక్కడిదే. రాజధానిలో మ్యాచ్ అంటే ఆ దీవి ఆటగాళ్లకు వెళ్లడానికి రెండు గంటలు, రావడానికి రెండు గంటలు ఫెర్రీ ప్రయాణం.