పటంలో మూలపురుషుడు

తాతముత్తాతల బొమ్మ ఒకప్పుడు పెద్దింటి సొత్తు. పాత రోమ్‌లో ఉన్నత పదవులు చేసిన వంశాలవారు పూర్వీకుల మైనపు ముఖాలను ఇంట్లో భద్రపరచి, చావు ఊరేగింపుల్లో నటుల చేత తొడిగించేవారు. పదవి ఎరగని ఇంటికి ఆ ముఖాలు లేవు. మన రాజులూ శాసనాల్లో తమ వంశాన్ని చంద్రుడి దాకా, సూర్యుడి దాకా తీసుకుపోయారు. తెలంగాణలో మాత్రం మగ్గం నేసినవారికీ, కల్లు గీసినవారికీ, తోలుపని చేసినవారికీ తమ మూలపురుషుడి బొమ్మ ఉంది. చేర్యాల ఊరి చిత్రకారులైన నకాషీలు గీసిన కులపురాణ పటాల అసలు గొప్పతనం అదే.

పద్మశాలీలకు కూనపులివారు, గౌడులకు గౌడజెట్టీలు, మాదిగలకు డక్కలివారు కథ చెబుతారు. నకాషీ చేత పటం గీయించుకునేది ఈ ఆశ్రిత కులాలవారే. ఖద్దరు గుడ్డకు సుద్దమట్టి, గంజి, చింతగింజల అంబలి, బంక కలిపి పూతల మీద పూతలు పట్టిస్తారు. పటాన్ని ఏళ్ల తరబడి చుట్టి విప్పుతుంటారు గనుక ఆ పూత గట్టిగా ఉండాలి. మూడడుగుల వెడల్పు, ముప్పై అడుగులు దాటే పొడవు, అంతటా ఎర్రని నేల, ఘట్టానికీ ఘట్టానికీ మధ్య పూల పట్టీ. దూరం, దగ్గర అనే లెక్క ఉండదు. కథలో ఎవరు ముఖ్యులో వారే పెద్దగా కనిపిస్తారు. రాత్రి దీపం వెలుగులో, వెనక వరుసలో కూర్చున్నవారు కూడా పోల్చుకోవాలంటే అలాగే గీయాలి. గణపతితో మొదలై కథ కిందికి దిగుతుంది. విష్ణువు నాభికమలం తూడు నుంచి నూలు తెచ్చి దేవతలకు బట్ట నేసిన భావనారుషి పద్మశాలీల మూలపురుషుడు. మాదిగల జాంబపురాణంలోనైతే జాంబవుడు భూమి కంటే ముందు పుట్టినవాడు. లోకం తక్కువగా చూసిన పనికి ఇంతటి పుట్టుకను చూపించే ధైర్యం నాకు రాజశాసనాల కంటే మిన్నగా కనిపిస్తుంది.

ఇది చరిత్ర కాదు గదా అంటారు. కాదు. చంద్రవంశమూ చరిత్ర కాదు. అయినా దాన్ని రాజుల ఆత్మగౌరవ ప్రకటనగా శ్రద్ధగా చదువుతున్నాం, దీన్నీ అలాగే చదవాలి. కులాన్ని పొగిడే కళను ఎందుకు నిలబెట్టాలన్నది ఇంతకంటే బరువైన ప్రశ్న. ఈ ఏర్పాటులో అన్యాయం ఉన్న మాట నిజం: మాదిగల పుట్టుకను కీర్తించిన డక్కలివారిని ఆ మాదిగలే దూరం పెట్టారు. దాన్ని దాచి పటాన్ని మెచ్చుకోలేం. కానీ పటాన్ని పారేస్తే ఆ అన్యాయం పోదు. కింది మెట్టున నిలబెట్టిన మనుషులు తమ గురించి తాము చెప్పుకున్న మాట మాత్రం పోతుంది.

ఇప్పుడు చేర్యాలలో గోడకు తగిలించే చిన్న బొమ్మలు, మాస్కులే ఎక్కువగా తయారవుతున్నాయి. వాటితో చిత్రకారుడి ఇల్లు గడుస్తుంది, అది మంచిదే. కథకుడికి మాత్రం వాటితో పని లేదు. కల్యాణమండపాలు కట్టించే కులసంఘాలు ఒక్కొక్క నిలువు పటం గీయించి, దాన్ని చెప్పగల కుటుంబాన్ని పిలిచి, తగిన సంభావన ఇచ్చి, సాటి మనిషిగా పక్కన కూర్చోబెట్టుకుని కథ వినాలి.